టిఫిన్ బోర్డు మీద రోజూ ఒక వార్తల జోకు రాస్తుంటాను. ఇక మానెయ్యమంటారా?

ప్రశ్న: బోర్డు అక్క, కోదాడ

అందరికీ నమస్కారం. అడగాల్సింది చిన్న ముక్కే. కానీ ముందూ వెనకా చెప్పకపోతే మీరు సలహా ఇవ్వలేరు. కాస్త ఓపిక పట్టండి.

మాది కోదాడ. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే హైవే మీద ఉంటాం. ఇంకాస్త ముందుకు పోతే ఆంధ్రా వచ్చేస్తుంది. బస్టాండు దగ్గర మాకో టిఫిన్ సెంటర్ ఉంది. పెనం దగ్గర మా ఆయన, గల్లాపెట్టె దగ్గర నేను. పదిహేడేళ్ళుగా ఎవరి చోటు వాళ్ళదే. బయట గోడకి ఒక నల్లబోర్డు. దాని మీద ఇడ్లీ, గారె, పూరీ, దోశ, పక్కన రేట్లు. రేటు పెరిగిన రోజు తప్ప దాని వైపు ఎవరూ చూసేవాళ్ళు కాదు.

నాకు చిన్నప్పటి నుంచి పేపరు పిచ్చి. పార్సిళ్ళ కోసం పాత పేపర్లు కిలోల లెక్కన కొనే రోజుల్లో, ఇడ్లీ కట్టేముందు ఆ కాగితం చదివేసేదాన్ని. నాలుగు నెలల కిందటి వార్తకి ఇవాళ కంగారుపడి మా ఆయనకి చెబితే, "అది ఎప్పుడో అయిపోయిందిలే, సాంబారు చూడు" అనేవారు. ఇప్పుడు తిండి పేపర్లో కట్టొద్దంటున్నారు కాబట్టి నా చదువు ఫోనులోకి మారింది.

బోర్డు సంగతి మొదలైంది 2023 మార్చి 13న. సోమవారం, పొద్దున టిఫిన్ల రద్దీ. నాటు నాటు పాటకి ఆస్కార్ వచ్చిందని ఒకతను ఫోను పైకెత్తి అరిచాడు. అంతే, హోటల్లో ఉన్నవాళ్ళంతా ఆ ఒక్క ఫోను చుట్టూ మూగారు. మా ఆయన కూడా అట్లకాడతో సహా వెళ్ళిపోయారు. కీరవాణి గారు అక్కడ వేదిక మీద థాంక్స్ కూడా పాటగానే పాడుతుంటే, ఇక్కడ మూడు మసాలా దోశలు బొగ్గయ్యాయి. ఆ దోశలు చెప్పిన ముగ్గురూ ఫోను దగ్గరే ఉన్నారు కాబట్టి గొడవ కాలేదు. నాకేం బుద్ధి పుట్టిందో, సుద్దముక్క తీసి రేట్ల కింద రాశాను: "తెలుగు పాటకి ఆస్కార్ వచ్చింది. మూడు దోశలు మాడాయి. రెండూ మన ఖాతాలోనే."

జనం ఆగి చదివారు. ఒక బస్సు డ్రైవరు చదివి, నవ్వి, లోపలికొచ్చి టీ తాగాడు. మరుసటి రోజు అదే డ్రైవరు "ఇవాళేం రాయలేదేంటి?" అన్నాడు. ఇరుక్కుపోయాను.

అప్పటి నుంచి రోజూ ఏదో ఒకటి. ఆ మే నెలలో రెండు వేల నోటు వెనక్కి తీసుకుంటున్నామన్నారు కదా, పది రూపాయల టీకి రెండు వేల నోటు పట్టుకొచ్చేవాళ్ళు. బోర్డు: "రెండు వేలకి చిల్లర లేదు. 66 ప్లేట్ల ఇడ్లీ తిని రెండు టీలు తాగితే సరిగ్గా సరిపోతుంది." అప్పుడు ప్లేటు ముప్ఫై రూపాయలు. ఒక కుర్రాడు నిజంగానే కూర్చుని ఫోనులో గుణించి చూశాడు. లెక్క సరిపోయిందని నాకు దండం పెట్టాడు.

జులై వచ్చేసరికి టమాటా. మదనపల్లె మార్కెట్లోనే కిలో దాదాపు రెండు వందలు పలికింది. బోర్డు: "టమాటా చట్నీ చూడ్డానికి పది రూపాయలు. ముట్టుకుంటే బిల్లు." ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్. ఆరు గంటల నాలుగు నిమిషాలకి విక్రమ్ దిగింది. పునుగుల మూకుడు దింపేసి పంచదార డబ్బాకి ఫోను ఆనించి అందరం చూశాం. మర్నాడు: "చంద్రుడి ఫోటోలు చూశారా? అచ్చం మా ఊతప్పం. ఇస్రో వాళ్ళు అంత దూరం వెళ్ళాల్సిన పని లేదు."

ఎన్నికలంటే భయపడ్డాను. మా హోటల్లో రెండు రాష్ట్రాలవాళ్ళూ, అన్ని పార్టీలవాళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. 2024 మే 13న రెండు చోట్లా ఒకే రోజు పోలింగ్. ఆంధ్రాలో అసెంబ్లీకీ పార్లమెంటుకీ కలిపి రెండు ఓట్లు, మాకు పార్లమెంటుకి ఒక్కటే. హైదరాబాదు నుంచి ఓటేయడానికి పోయే కార్లతో హైవే కిటకిటలాడుతోంది. చాలాసేపు ఆలోచించి రాశాను: "ఆంధ్రావాళ్ళకి రెండు ఓట్లు, మాకు ఒకటి. చట్నీలు మాత్రం అందరికీ రెండే." ఆ రోజు అమ్మినంత ఇడ్లీ ఇంకెప్పుడూ అమ్మలేదు.

అన్ని రోజులూ రాయలేదు. టమాటా ధర పడిపోయి రైతులు రోడ్డు మీద పారబోశారని చదివిన రోజు సుద్దముక్క ముట్టుకోలేదు. 2024 సెప్టెంబర్ 1 వాన మీకు గుర్తుండే ఉంటుంది. విజయవాడలో బుడమేరు, ఇక్కడ మేము. ఊళ్ళోకి నీళ్ళొచ్చాయి, హైవే మీద బండ్లు ఆగిపోయాయి. ఆ రెండు రోజులూ బోర్డు మీద రాసింది ఇంతే: "పాలు ఉన్నాయి. ఫోను చార్జింగ్ పెట్టుకోవచ్చు." మూడో రోజు ఒకామె, ఇల్లంతా బురదైన మనిషి, టీ తాగుతూ "జోకేది అక్కా?" అంది. అప్పుడు రాశాను: "చట్నీ పలచగా ఉందనకండి. ఈ వారం ఊరంతా అలాగే ఉంది." ఆమె నవ్విన నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇక అసలు విషయం. మొన్న ఏప్రిల్లో ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు పొద్దున్నే రాశాను: "ఫలితాలు: ఇడ్లీలన్నీ ఫస్ట్ క్లాసులో పాస్. గారెలు మాత్రం సప్లిమెంటరీ." ఆ రోజు గారెల పిండి పలచనైంది లెండి, ఒక్కటీ సరిగ్గా రాలేదు. అందుకే ఆ మాట తట్టింది.

మాకు రోజూ ఏడుంబావుకి వచ్చే ఒక సార్ ఉన్నారు. ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం. ఆరేళ్ళుగా ఒకే కుర్చీ. ఆయన కొడుకు ఈ ఏడాది ఇంటర్ రెండో సంవత్సరం. ఆయన వచ్చారు, బోర్డు దగ్గర ఆగారు, లోపలికొచ్చారు, ఇడ్లీ సగం తిని వదిలేసి, బిల్లిచ్చి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయారు. ఆ తర్వాత రాలేదు. ఇవాళ్టికి పదకొండు రోజులు.

నేను ఎవర్నీ ఉద్దేశించి రాయలేదు. అయినా రాత్రి పడుకుంటే ఆ సగం ఇడ్లీ కళ్ళ ముందు కనిపిస్తోంది. మా ఆయన "బోర్డు తీసెయ్, మనం అమ్మేది టిఫిను, జోకులు కాదు" అంటున్నారు. ఆయన మాట సబబేనా? వార్తల మీద నవ్వడం మానెయ్యాలా, లేక నవ్వడానికేదైనా పద్ధతి ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు: మీమ్స్ తమ్ముడు, ఉప్పల్

అక్కా, ముందు ఒక మాట. ఊతప్పం జోకు నేను ఎత్తేసుకుంటున్నా. అడిగి తీసుకుంటున్నా కాబట్టి దొంగతనం కాదు.

నేనూ ఇంకో ఇద్దరు ఫ్రెండ్సూ కలిసి ఒక మీమ్స్ పేజీ నడుపుతాం. మా పనిముట్టు ఒకటే, బ్రహ్మానందం గారి మొహం. ఎక్కువ సినిమాల్లో నటించినందుకు గిన్నిస్ బుక్కులోకి ఎక్కిన మనిషి, అంటే మాకు స్టాకు అయిపోయే ప్రసక్తే లేదు. కరెంటు బిల్లు, జీతాల పెంపు, బడ్జెట్టు, పక్కింటివాళ్ళ పెళ్ళి, ఏ వార్తకైనా ఆయన మొహం ఒకటి ఎప్పుడో రెడీగా ఉంటుంది. అందులో ఒక కిటుకుంది. ఫోటోలో దెబ్బ తినేది ఎప్పుడూ ఆయనే. చూసేవాడు "అది నేనే" అనుకుని నవ్వుతాడు. పక్కవాడెవడూ బలి కాడు.

మా పెద్ద తప్పు చెప్తా వినండి. 2023 నవంబర్ 19, అహ్మదాబాదులో ఆస్ట్రేలియాతో క్రికెట్ వరల్డ్ కప్ ఫైనల్. వరసగా పది మ్యాచులు గెలిచి ఉన్నాం. ముందు రోజు రాత్రే పద్నాలుగు మీమ్స్ చేసి పెట్టుకున్నాం, అన్నీ గెలుపువే. ఒకదాంట్లో అయితే కప్పుకి పసుపు కుంకుమ కూడా పెట్టాం. ట్రావిస్ హెడ్ 137 కొట్టి ఆరు వికెట్ల తేడాతో మమ్మల్నీ, మా పద్నాలుగు మీమ్స్‌నీ కలిపి పడుకోబెట్టాడు. నా ఫ్రెండు ఏడ్చాడు. నేను ఏడవలేదని రాసుకోండి.

రాత్రి పదకొండింటికి ఆ పద్నాలుగింటినీ వరసగా పేర్చి, "ఇవి మా పిల్లలు. చూడకుండానే పోయారు" అని పెట్టాం. మా పేజీ చరిత్రలో అంతగా పేలింది ఇంకోటి లేదు. అటువైపు మన వార్నర్ ఉన్నాడు చూడండి, అదే మాకు ఇంకో కష్టం. 2016లో హైదరాబాదుకి ఐపీఎల్ కప్పు తెచ్చినవాడు, లాక్‌డౌన్లో మన పాటలకి ఇంటిల్లిపాదీ డాన్సు చేసినవాడు. తిడదామంటే నోరు రాదు. పైగా ఆ రోజు ఏడు పరుగులకే ఔటయ్యాడు. పాపం మనకోసమే అయ్యాడని ఒకడు కామెంటు పెట్టాడు.

నా సలహా ఇదీ అక్కా: బోర్డు తీయొద్దు. ఆ సార్ సంగతి వేరు, ఆయనకి ఫోన్ చెయ్యండి. ఒక కస్టమర్ కోసం మిగతా అందరి నవ్వూ ఆపేస్తారా?

జవాబు: జూనియర్ లెక్చరర్, ఖమ్మం

పై తమ్ముడి మాటతో నేను ఏకీభవించను. "ఒక కస్టమర్" అన్నారు. ఫలితాల రోజు మీరు మా కాలేజీ గేటు దగ్గర ఒక్క గంట నిలబడి చూడండి.

పంతొమ్మిదేళ్ళుగా ఇంటర్ పిల్లలకి ఎకనామిక్స్ చెబుతున్నాను. ఫలితాలొచ్చే రోజు నాకు బీపీ మాత్ర ఒకటి ఎక్కువ పడుతుంది. పాసైనవాళ్ళు ఫోన్ చేస్తారు. తప్పినవాళ్ళు చెయ్యరు. నేనే లిస్టు ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ చేస్తాను. ఎత్తకపోతే నాన్నకి, ఆయన ఎత్తకపోతే పక్కింటివాళ్ళకి. 2019లో మన తెలంగాణలో ఇంటర్ ఫలితాల తర్వాత పిల్లలు ప్రాణాలు తీసుకున్న సంగతి ఎవరూ మర్చిపోలేదు. ఆ వారం మేమెవరమూ సరిగ్గా అన్నం తినలేదు.

కాబట్టి అమ్మా, మీ ఉద్దేశం మంచిదే అయినా, ఆ రోజు ఆ జోకు రాయకూడదు. మర్నాడూ రాయకూడదు. నెల తర్వాత రాసుకోండి, నేనే వచ్చి నవ్వుతాను. టమాటా మీద రాశారు, కొనేవాళ్ళంతా ఒకే కష్టంలో ఉన్నారు. నోటు మీద రాశారు, అందరి జేబులోనూ అదే నోటు. ఫలితాల రోజు అలా కాదు. ఊళ్ళో సగం ఇళ్ళల్లో స్వీట్లు, సగం ఇళ్ళల్లో తలుపులేసి ఉంటాయి. మీ బోర్డు రెండు ఇళ్ళ ముందూ ఒకేలా నిలబడింది.

నవ్వంటే నాకు పడదనుకోకండి. తమ్ముడు చెప్పిన బ్రహ్మానందం గారు కూడా సినిమాల్లోకి రాకముందు మా జాతే, అత్తిలి కాలేజీలో తెలుగు లెక్చరరు. డిమాండ్, సప్లై చెప్పేటప్పుడు నేనూ క్లాసులో టమాటా జోకులే వేస్తాను. మీ "చూడ్డానికి పది రూపాయలు" ఈ జులైలో వాడుకుంటాను.

ఆ సార్‌కి ఫోన్ చెయ్యడం మంచిదే. కానీ ఫలితం ఏమైందని అడగొద్దు. ఇడ్లీ గురించి మాట్లాడండి చాలు.

జవాబు: వంతగాడి కొడుకు, గుంటూరు

మా నాన్న బుర్రకథ దళంలో హాస్యం వంత. ఇప్పటి పిల్లలకి తెలియదని చెబుతున్నాను, బుర్రకథలో ముగ్గురుంటారు. మధ్యలో కథకుడు, తంబురా పట్టుకుని, బొటనవేలికి అందె పెట్టుకుని. అటూ ఇటూ ఇద్దరు వంతలు, గుమ్మెటలతో. ఆ ఇద్దరిలో ఒకరిది రాజకీయం, ఇంకొకరిది హాస్యం. కథ ఏ కాలానిదైనా సరే, పలనాటి యుద్ధం కానీ అల్లూరి కథ కానీ, రాజకీయం వంత దాన్ని ఇవాళ్టి సంగతికి ముడిపెడతాడు. బియ్యం ధర, కరణం లంచం, కొత్త చట్టం. హాస్యం వంత దాన్ని పట్టుకుని ఆడిస్తాడు. వార్తల మీద నవ్వడానికి మనవాళ్ళు ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టి, చేతికి గుమ్మెట ఇచ్చి నిలబెట్టారన్నమాట. ఆ నవ్వు ఎంత ఘాటంటే, ఒకప్పుడు అటు బ్రిటిష్ ప్రభుత్వమూ ఇటు నిజాం ప్రభుత్వమూ బుర్రకథని నిషేధించాయి. బుర్రకథ పితామహుడు నాజర్ గారి ఊరు పొన్నెకల్లు మాకు దగ్గరే. ఆయన పేరెత్తితే మా నాన్న కూర్చున్నవాడు లేచి నిలబడేవాడు.

నేను పదేళ్ళవాణ్ణి, సెలవుల్లో దళంతో పాటు తిరిగేవాణ్ణి. ఏ ఊరికి వెళ్ళినా బస్సు దిగగానే మిగతావాళ్ళు సామాను దించుకుంటుంటే మా నాన్న తిన్నగా టీకొట్టుకి పోయేవాడు. టీ చెప్పి, "ఏం బావా, ఊళ్ళో ఏమిటి విశేషాలు?" అని మొదలెట్టేవాడు. గంటసేపు. ఎవరు సర్పంచి, ఎవరికి ఎవరితో పడదు, ఎవరి గేదె ఎవరి చేలో పడింది. రాత్రి కథలో ఆ గేదె వచ్చేసేది, ఊరు ఊరంతా పడీ పడీ నవ్వేది. టీకొట్టులో జోకులు పోగేసుకుంటున్నాడనుకునేవాణ్ణి.

ఒకసారి వినుకొండ వైపు ఒక ఊళ్ళో, మా నాన్నకి బాగా పేరు తెచ్చిన పిట్టకథ, అల్లుడు బావిలో పడే కథ, చెప్పనే లేదు. కథకుడు రెండుసార్లు అందించాడు కూడా, "మీ అల్లుడు ఏమయ్యాడోయ్?" అని. నాన్న "అత్తారింటికి పోయాడు, ఇంకా రాలేదు" అని దాటేశాడు. తిరుగు బస్సులో ఎందుకు నాన్నా అని అడిగాను. ఆ ఊళ్ళో నెల కిందట ఒక కుర్రాడు బావిలో పడి పోయాడట. వాళ్ళమ్మ మూడో వరసలో కూర్చుని ఉంది. "టీకొట్టు దగ్గర అడిగేది ఏం చెప్పాలో తెలుసుకోడానికి కాదురా, ఏం చెప్పకూడదో తెలుసుకోడానికి" అన్నాడు.

ఇంకోటి. హాస్యం వంత ముందు తన మీద వేసుకుంటాడు. తన పొట్ట, తన భార్య కొట్టిన దెబ్బలు, తన అప్పులు. అలా పది నిమిషాలు తనని తాను తిట్టుకున్నాకే సర్పంచి జోలికి పోతాడు. అప్పుడు సర్పంచికి కోపం రాదు. మీ బోర్డు చూడండి, వరదప్పుడు మీరు రాసిన చట్నీ మాటకి ఆమె ఎందుకు నవ్వింది? ఆ నీళ్ళలో మీరూ ఉన్నారు. మీ చట్నీ మీదే వేసుకున్నారు. దోశలు మాడినా మీవే. ఇంటర్ జోకులో మీరు ఎక్కడున్నారు? అందులో మీది ఒక్క గారెల పిండే.

బాలచంద్రుడు పడిపోయే ఘట్టంలో మా నాన్న గుమ్మెట కింద పెట్టేవాడు. మాట్లాడేవాడు కాదు. జనం ఆ మౌనాన్ని కూడా గుర్తుపెట్టుకునేవాళ్ళు. బోర్డు తీసెయ్యక్కర్లేదమ్మా.

జవాబు: అప్రస్తుతం, రాజమండ్రి

బుర్రకథ మాటొచ్చింది కాబట్టి అవధానం సంగతీ చెప్పాలి. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకాయనకి అప్రస్తుత ప్రసంగం. అవధాని నిషిద్ధాక్షరిలో, అంటే వద్దన్న అక్షరం రాకుండా, పద్యం అల్లుకుంటూ తల పట్టుకుని ఉంటే, ఈయన మధ్యలో దూరి "అవధాని గారూ, ఉల్లిపాయల ధర పెరిగింది కదా, మీ ఇంట్లో ఎవరు ఏడుస్తున్నారు?" అంటాడు. అవధాని దానికి చమత్కారంగా సమాధానం చెప్పాలి, పద్యంలో అక్షరం తప్పకూడదు. సభ సగం నిండేది ఆయన కోసమే. నేను మా ఊళ్ళో మూడు సభల్లో ఆ కుర్చీలో కూర్చున్నాను. మాకూ ఒక కట్టుబాటుంది: అవధాని ధార తప్పించాలి కానీ మనసు నొప్పించకూడదు. రెండో సభలో నేను ఒక అవధాని గారి వయసు మీద మాట విసిరాను. సభ నవ్వింది, ఆయన నవ్వలేదు. మూడో సభకి నన్ను పిలిచింది ఆయన కాదు, వేరే ఆయన.

జవాబు: మీమ్స్ తమ్ముడు, ఉప్పల్

గురువుగారూ, అంటే స్టేజీ మీద కుర్చీ వేసి మరీ ట్రోలింగ్ చేయించేవాళ్ళన్నమాట! మాకు కుర్చీ కూడా ఇవ్వట్లేదు.

లెక్చరర్ మేడమో సారో తెలియదు కానీ, మీరు చెప్పింది కరెక్టే. నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నా. మా చెల్లి వచ్చే ఏడాది ఇంటర్ రాస్తుంది. ఫలితాల రోజు పేజీ బంద్.

జవాబు: డల్లాస్ నుంచి ఒకడు

అక్కా, మీరు మీరేనా? రెండేళ్ళ కిందట సంక్రాంతికి ఇండియా వచ్చి, హైదరాబాదు నుంచి మా ఊరు పోతూ పంతంగి టోల్‌గేటు దగ్గర రెండున్నర గంటలు ఇరుక్కుని, ఆకలితో మీ దగ్గర ఆగాం. బోర్డు మీద "పంతంగి దాటి వచ్చిన వీరులకి సాంబారు అన్‌లిమిటెడ్" అని ఉంది. మా ఆవిడ ఆ టోల్‌గేటు దగ్గర నుంచి నాతో మాట్లాడ్డం మానేసింది, ఆ బోర్డు చూసి మాట్లాడింది. ఇంతకంటే నాకు చెప్పడానికేం లేదు. దయచేసి బోర్డు ఉంచండి.

జవాబు: బోర్డు అక్క, కోదాడ

అందరికీ దండాలు. డల్లాస్ తమ్ముడూ, నేనే. ఆ సాంబారు అన్‌లిమిటెడ్ వల్ల ఆ పండక్కి పప్పు రెండింతలు ఖర్చయింది, మా ఆయన ఇంకా అంటుంటారు.

గుంటూరు అన్నా, మీరు అడిగిన మాట నన్ను రెండు రోజులు వదల్లేదు. ఇంటర్ జోకులో నేనెక్కడున్నానని. ఇక్కడ ఎవరికీ తెలియదు కాబట్టి చెబుతున్నాను. నేనూ ఇంటర్ తప్పాను. 1991లో, ఎకనామిక్స్‌లోనే, లెక్చరర్ గారూ క్షమించాలి. నాలుగు మార్కులు. ఫలితం పేపర్లో నంబర్లుగా వచ్చేది కదా, నా నంబరు కోసం ఆ కాగితం ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ వెతికాను. మా నాన్న తిట్టలేదు. ఆ పేపరు మడిచి చూరులో పెట్టేశాడు. సప్లిమెంటరీ రాసేలోపే పెళ్ళి కుదిరింది. మా ఆయనకి తెలుసు, మా పిల్లలకి తెలియదు. పదిహేడేళ్ళు గల్లాపెట్టె దగ్గర కూర్చుని లెక్కలు తప్పకుండా చేస్తున్నాను కానీ ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. బోర్డు మీద గారెల పేరు పెట్టి రాశాను చూశారా. రాసేటప్పుడు అది నా గురించేనని నాకే తట్టలేదు.

ఇక సార్ సంగతి. ఫోన్ నంబరు నా దగ్గర లేదు, ఆరేళ్ళలో అడిగే అవసరం రాలేదు. నిన్న మా ఆయన్నే పంపాను, ఆఫీసు దగ్గర కలవమని. ఫలితం మాట ఎత్తొద్దని పదిసార్లు చెప్పి పంపాను. ఈయన వెళ్ళి "ఇడ్లీలు ఎట్లా ఉన్నాయి సార్?" అన్నారట. ఇడ్లీ తిని పన్నెండు రోజులైన మనిషిని!

సార్ నవ్వి చెప్పారట. వాళ్ళ అబ్బాయి పాసయ్యాడు, మంచి మార్కులే. ఆ రోజు పొద్దున మా దగ్గరికి వస్తుంటే దారిలో ల్యాబు నుంచి రిపోర్టు వచ్చింది. షుగరు, తినకముందు 212. బోర్డు దగ్గర ఆగింది జోకు చదవడానికి కాదట. ఇడ్లీ, దోశ, పూరీ అన్న పేర్లు వరసగా చూసుకుంటూ నిలబడిపోయారట, వీటిలో ఇక నాకేం మిగిలింది అని. జోకు అసలు చూడనే లేదు! పదకొండు రాత్రులు నేను నిద్రపోకపోవడానికి కారణమైన జోకుని ఆ మనిషి చదవలేదు.

మా ఆయన అప్పటి నుంచి ఒకటే నవ్వు. నాకు మాత్రం నవ్వు సగమే వచ్చింది. లెక్చరర్ గారు చెప్పింది నిజం, ఆ సార్ చదవలేదు కానీ ఆ రోజు పొద్దున ఇంకో రెండు వందల మంది చదివారు. అందులో ఎవరి ఇంట్లో తలుపులు వేసి ఉన్నాయో నాకేం తెలుసు? బస్సు దిగి తిని పోయేవాళ్ళు, మళ్ళీ రారు, చెప్పరు. అందుకే క్యాలెండర్లో పదో తరగతి, ఇంటర్ ఫలితాల నెలల దగ్గర పెన్సిలుతో గీత పెట్టాను. ఆ రోజుల్లో బోర్డు మీద రేట్లే. ఇక నుంచి పొద్దున్నే రాసే ముందు, మా ఎదురు టీకొట్టు మస్తాన్ బాబాయి దగ్గరికి పోయి ఒక టీ తాగి వస్తున్నాను. మా దగ్గరే టీ ఉండగా అక్కడెందుకని మా ఆయన గొణుగుతున్నారు. గుంటూరు అన్నకి అర్థమవుతుంది.

ఇవాళ పొద్దున రాసింది: "పెసరట్టు ఉంది. ఉప్మా, అల్లం చట్నీలో బెల్లం, రెండూ లేకుండా ఇస్తాం. డాక్టరు గారికి చెప్పం."

ఏడుంబావుకి సార్ వచ్చారు. ఈసారి చదివారు. పెసరట్టు తిని, చట్నీలో నిజంగానే బెల్లం వెయ్యలేదా అని అడిగారు. వెయ్యలేదన్నాను. "అందుకే ఇంత చేదుగా ఉంది" అని బిల్లిచ్చి వెళ్ళారు.